తప్పించుకున్న నావికుడికి దారి చూపినవాళ్లు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ సాయంత్రం ఓపిక చేసుకుని వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అనగానే మనకు బంకర్ హిల్, సరటోగా, యార్క్‌టౌన్ లాంటి రణరంగాలే గుర్తుకు వస్తాయి. ఈ రోజు నేను ఆ యుద్ధంలోనే అట్లాంటిక్‌కు ఇవతలి ఒడ్డున, ఇంగ్లండు, ఫ్రాన్సు, హాలండు రేవుల్లో సాగిన ఒక చిన్న పనిని గురించి మాట్లాడబోతున్నాను. ఇంగ్లండు జైళ్ల నుంచి తప్పించుకున్న అమెరికన్ నావికులను ఇళ్లలో దాచడం, వాళ్లకు బట్టలూ బూట్లూ దారి ఖర్చులూ సమకూర్చడం, సముద్రం దాటించడం, దాటి వచ్చినవాళ్లను మళ్లీ ఏదో ఒక ఓడ ఎక్కించడం, ఇదే ఆ పని. చరిత్ర పుస్తకాల్లో దీనికి దక్కేది ఒకటి రెండు పేరాలు మాత్రమే. నా అభిప్రాయంలో మాత్రం అమెరికా అనే దేశం విదేశాల్లో రోజూ చేసిన మొట్టమొదటి ప్రభుత్వ పని ఇదే. రాజులతో సంధులూ దర్బారు విందులూ అప్పుడప్పుడూ జరిగేవి. చిరిగిన చొక్కాతో గుమ్మం ముందుకు వచ్చి నిలబడే నావికుడు మాత్రం దాదాపు ఎప్పుడూ ఉండేవాడు.

ముందుగా ఈ నావికులు ఎవరో చెప్పాలి. తిరుగుబాటు చేసిన కాలనీలకు చెప్పుకోదగ్గ నౌకాదళం లేదు. అందుచేత 1776 మార్చిలో ఆ కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెసు ప్రైవేటు యజమానుల ఓడలకు అనుమతి పత్రాలు ఇవ్వడానికి తీర్మానించింది. ఆ పత్రం ఉన్న ఓడను ప్రైవేటీర్ అంటారు. అది శత్రు దేశపు సరుకు ఓడను పట్టుకోవచ్చు. కోర్టు ఆ పట్టివేతను ఆమోదిస్తే, అమ్మగా వచ్చిన సొమ్మును యజమానీ కెప్టెనూ నావికులూ వాటాలు వేసుకుంటారు. దేశభక్తి, లాభాపేక్ష రెండూ ఒకే ఓడలో ప్రయాణం చేశాయన్నమాట. న్యూ ఇంగ్లండు రేవుల నుంచి చేపలు పట్టే కుర్రవాళ్లు, వడ్రంగి పనివాళ్లు, రైతుబిడ్డలు ఈ ఓడలెక్కారు. వాళ్లలో చాలామంది మొదటి యాత్రలోనే బ్రిటిష్ యుద్ధనౌకలకు చిక్కారు.

చిక్కినవాడి పరిస్థితి ఏమిటి? ఫ్రెంచివాడో స్పెయిన్‌వాడో అయితే యుద్ధ ఖైదీ; రెండు దేశాలూ బందీలను మార్చుకున్న రోజున ఇంటికి వెళ్తాడు. అమెరికన్‌ను యుద్ధ ఖైదీ అంటే అమెరికాను మరో దేశంగా ఒప్పుకున్నట్టవుతుంది. రాజద్రోహి అని విచారించి ఉరి తీస్తే, అమెరికన్ల చేతిలో ఉన్న బ్రిటిష్ సైనికులకూ అదే గతి పట్టవచ్చు. ఈ రెంటికీ మధ్య బ్రిటిష్ ప్రధాని లార్డ్ నార్త్ ప్రభుత్వం ఒక మార్గం కనిపెట్టింది. కాలనీల్లో రాజద్రోహం చేశారనీ, సముద్రం మీద ఓడదొంగతనానికి పాల్పడ్డారనీ అనుమానం ఉన్నవాళ్లను బెయిలు లేకుండా, విచారణ లేకుండా నిర్బంధించవచ్చని 1777 మార్చిలో చట్టం చేసింది. ఆ చట్టాన్ని ఏటేటా పొడిగిస్తూ పోయారు. విచారణే లేకపోతే శిక్షకు గడువూ ఉండదు. హత్య చేసినవాడికైనా ఎప్పుడో ఒకప్పుడు తీర్పు వస్తుంది గాని, ఈ నావికుడికి అదీ లేదు.

ఆ ఏడాది జూన్ నాటికి వీళ్లకోసం రెండు జైళ్లు సిద్ధమయ్యాయి. ఒకటి ప్లిమత్‌లోని మిల్ జైలు, రెండోది పోర్ట్స్‌మత్ హార్బరుకు అవతల గాస్‌పోర్ట్ పక్కనున్న ఫోర్టన్. రెంటి పాలనా నౌకాదళంలోని రోగుల, క్షతగాత్రుల బోర్డు చూసేది. న్యూబరీపోర్ట్‌కు చెందిన చార్లెస్ హెర్బర్ట్ 1776 డిసెంబరులో డాల్టన్ అనే ఓడలో పట్టుబడ్డాడు. అప్పటికి అతను ఇంకా ఇరవై నిండని కుర్రవాడు. మిల్ జైలులో రహస్యంగా డైరీ రాసుకున్నాడు. ఆకలికి తాళలేక ఖైదీలు ఆవరణలోని గడ్డి పీకి తినడం, నత్తలు ఏరి ఉడకబెట్టుకోవడం అందులో కనిపిస్తాయి. అదే జైళ్లలో తర్వాత చేరిన ఫ్రెంచి ఖైదీకి రోజుకు ఒకటిన్నర పౌండ్ల రొట్టె ఇస్తే, అమెరికన్‌కు ఒక్క పౌండే ఇచ్చేవారు. జైళ్ల సంస్కరణకు పేరుపడ్డ జాన్ హోవార్డ్ ఈ తేడాను స్వయంగా గమనించి రాశాడు. చట్టంలో దాచిన వివక్ష రొట్టె ముక్కలో బయటపడింది. హెర్బర్ట్ చెక్కతో గరిటెలు, పెట్టెలు చేసి, జైలు గేటు దగ్గరకు వచ్చే ఊరివాళ్లకు అమ్ముకుని కడుపు నింపుకున్నాడు. రాజుగారి క్షమాభిక్ష తీసుకుని బ్రిటిష్ నౌకాదళంలో చేరితే ఆ క్షణమే విడుదల. కొందరు చేరారు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. 1778 డిసెంబరులో మిల్ జైలులో నూరుమందికి పైగా ఖైదీలు మాత్రం, తాము కాంగ్రెసుకే కట్టుబడి ఉంటామనీ, బ్రిటిష్ ఓడ ఎక్కడానికి అర్జీ పెట్టుకోమనీ కాగితం మీద సంతకాలు చేశారు.

ఇప్పుడు పారిస్ వైపు చూద్దాం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1776 డిసెంబరులో ఫ్రాన్సులో దిగాడు. అప్పటికి ఆయన వయసు డెబ్బై. ఆయనా, సైలస్ డీన్, ఆర్థర్ లీ కాంగ్రెసు తరఫు ప్రతినిధులు. 1777 ఫిబ్రవరిలో వాళ్లు పారిస్‌లోని బ్రిటిష్ రాయబారి లార్డ్ స్టార్మంట్‌కు ఉత్తరం రాశారు. కెప్టెన్ లాంబర్ట్ విక్స్ పట్టుకున్న బ్రిటిష్ నావికులు దాదాపు వంద మంది తమ దగ్గర ఉన్నారనీ, వాళ్లను ఇచ్చి అంతమంది అమెరికన్లను తీసుకుంటామనీ అడిగారు. జవాబు రాలేదు. ఏప్రిల్‌లో మళ్లీ రాశారు. ఈసారి సంతకం లేని చీటీ ఒకటి వచ్చింది: తిరుగుబాటుదారులు రాజుగారి కరుణను వేడుకోవడానికి వస్తే తప్ప, రాజుగారి రాయబారి వాళ్ల అర్జీలు స్వీకరించడు. ఆ డిసెంబరులో ప్రతినిధులు నేరుగా లార్డ్ నార్త్‌కే రాశారు. ఖైదీలను మార్పిడికి అందకుండా ఆఫ్రికాకూ ఆసియాకూ పంపేస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి.

ఇంతకూ మార్పిడికి అసలు చిక్కు ఎక్కడుందంటే, ఐరోపాలో అమెరికన్లకు ఖైదీలను ఉంచడానికి జానెడు నేల లేదు. 1778 ఫిబ్రవరి దాకా ఫ్రాన్సు బాహాటంగా తటస్థ దేశం. తన రేవుల్లో బ్రిటిష్ బందీలను ఉంచనిచ్చేది కాదు. అందువల్ల అమెరికన్ కెప్టెన్లు పట్టుకున్నవాళ్లను పట్టుకున్నట్టే వదిలేయవలసి వచ్చేది. ఆ ఏడాది వేసవిలో ఫ్రాన్సు యుద్ధంలోకి దిగాక పరిస్థితి మారింది. అదే యుద్ధం మన తీరానికీ వచ్చిందనీ, యానాంలోని ఫ్రెంచి స్థావరం ఆ ఏడే ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిందనీ ఈ సభలో చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పటికే అమెరికన్ నౌకా కెప్టెన్ జాన్ పాల్ జోన్స్ ఐర్లండు తీరంలో డ్రేక్ అనే బ్రిటిష్ నౌకను పట్టుకుని ఇంచుమించు రెండు వందల మంది బందీలతో బ్రెస్ట్ రేవుకు చేరాడు. పార్లమెంటులో హల్ సభ్యుడు, ఫ్రాంక్లిన్ పాత స్నేహితుడు అయిన డేవిడ్ హార్ట్లీ రెండు వైపులా ఉత్తరాలు నడిపాడు. అంతా కుదిరేసరికి 1779 మార్చి అయింది. మిల్‌ఫర్డ్ అనే ఓడ ప్లిమత్ నుంచి 97 మంది ఖైదీలతో ఫ్రాన్సుకు బయలుదేరింది. మన హెర్బర్ట్ వాళ్లలో ఉన్నాడు.

మొదటి ఉత్తరానికీ మొదటి ఓడకూ మధ్య రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో జైళ్లలో ఉన్నవాళ్లు దౌత్యం కోసం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గోడల కింద కన్నాలు తవ్వారు, కాపలావాళ్లకు లంచాలిచ్చారు. పట్టుబడితే నలభై రోజులు చీకటి కొట్టు, సగం రేషను, మార్పిడి జాబితాలో అట్టడుగు స్థానం. పారిపోయిన ఒక్కొక్క అమెరికన్ తలకు ఐదు పౌండ్ల బహుమతి. కూలివాడికి అది నెలల తరబడి సంపాదన, కాబట్టి జైళ్ల చుట్టుపక్కల పల్లెవాళ్లు కర్రలతో వేటకు బయలుదేరేవారు. ఇందులో ఒక తమాషా కూడా జరిగేది. కొందరు ఖైదీలు కాపలావాడితోనో ఊరివాడితోనో ముందే మాట్లాడుకుని బయటికి వెళ్లి, ఒక పూట తిరిగొచ్చి, వాడి చేతికే పట్టుబడి, ఐదు పౌండ్లు ఇద్దరూ పంచుకునేవారు. ప్రభుత్వం పెట్టిన ఎరతో ఖైదీ రొట్టె కొనుక్కున్నాడన్నమాట.

నిజంగా బయటపడాలనుకున్నవాడికి మాత్రం గోడ దాటడం పనిలో సగం కూడా కాదు. ఆ తర్వాత తలుపు తెరిచే ఇల్లొకటి కావాలి. ఈ ప్రసంగంలో నేను ఎక్కువసేపు నిలవదలచుకున్నది ఇక్కడే.

పోర్ట్స్‌మత్‌లో రెవరెండ్ థామస్ రెన్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు ఉండేవాడు. ఇంగ్లండులో రాజు మతశాఖకు చెందని క్రైస్తవులకు ప్రభుత్వ పదవులు చట్టరీత్యా మూసి ఉన్న కాలం అది. రాజు అధికారాన్ని ప్రశ్నించే అమెరికన్ల మీద వాళ్లలో చాలామందికి సహజంగానే సానుభూతి ఉండేది. 1777 డిసెంబరులో లండన్‌లో కొందరు సమావేశమై, అమెరికన్ ఖైదీల సహాయం కోసం బహిరంగంగా చందాలు పోగుచేసి, కొన్ని వేల పౌండ్లు సమకూర్చారు. తమ రాజుపై తిరగబడ్డవాళ్లకు అదే రాజధానిలో చందా! ఆ డబ్బు ఫోర్టన్‌లో పంచే బాధ్యత రెన్ తీసుకున్నాడు. ప్లిమత్‌లో రాబర్ట్ హీత్ అనే మరో పాస్టరు, మైల్స్ సోరీ అనే పట్టణవాసి ఆ పని చూశారు. హార్బరు దాటి జైలుకు వెళ్లడం, మనిషికి ఇన్ని పెన్నీలు చొప్పున పంచడం, బట్టలు లేనివాడికి బట్టలు చూడటం, ఇదంతా రెన్ పగటిపూట, అధికారుల కళ్లముందు చేసిన పని. రాత్రిపూట పని వేరు. జైలు నుంచి బయటపడ్డవాడు ఆయన ఇంటికి చేరితే, దాచి, బట్టలు మార్పించి, లండన్‌లోని మిత్రులకు అప్పగించేవాడు. రాజద్రోహ నేరం మీద నిర్బంధంలో ఉన్నవాడు పారిపోవడానికి తోడ్పడటం ఎంత తీవ్రమైన విషయమో ఆయనకు తెలియనిది కాదు. పోర్ట్స్‌మత్ బ్రిటిష్ నౌకాదళానికి గుండెకాయ లాంటి ఊరు. అలాంటి ఊళ్లో ఒక పాస్టరు యుద్ధం సాగినన్నాళ్లూ ఈ రెండు పనులూ చేశాడు.

లండన్ చేరితే దాక్కోవడం సులువు. అంత పెద్ద ఊళ్లో కొత్త నావికుణ్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడ మైనపు బొమ్మలు చేసి పేరు తెచ్చుకున్న అమెరికన్ శిల్పి పేషన్స్ రైట్ లాంటివాళ్లు ఖైదీలకు అండగా ఉండేవారు. అక్కడి నుంచి ఫ్రాన్సుకు దొంగ సరుకు పడవలుండేవి, హాలండుకు మామూలు ప్రయాణికుల ఓడలుండేవి. 1780 డిసెంబరులో బ్రిటన్ హాలండు మీద కూడా యుద్ధం ప్రకటించాక, ఆస్ట్రియా ఏలుబడిలో తటస్థంగా ఉన్న ఒస్టెండ్ రేవు ప్రధాన ద్వారమైంది.

ఒక్క పలాయనాన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను. మేరీలాండ్‌కు చెందిన జాషువా బార్నీ అనే యువ నౌకాధికారి మిల్ జైలులో ఉన్నాడు. కాలు బెణికిందని చెప్పి చాలా రోజులు చంకకర్రల మీద నడిచాడు. అలాంటి మనిషి మీద ఎవరికి అనుమానం వస్తుంది? అమెరికాలో ఒకప్పుడు బందీగా ఉండి మంచి ఆదరణ పొందిన ఒక బ్రిటిష్ సైనికుడు ఇక్కడ కాపలాలో ఉన్నాడు. అతనితో మాట కలిసింది. బ్రిటిష్ అధికారి దుస్తులు ఒక జత సంపాదించి, పైన పెద్ద కోటు తొడుక్కున్నాడు. 1781 మే 18న, కాపలావాళ్లలో చాలామంది భోజనానికి వెళ్లిన వేళ, పొడుగాటి ఖైదీ ఒకడి భుజాల మీద కాలు మోపి గోడ ఎక్కి అవతలికి దూకాడు. అవతల నిలబడ్డ ఆ స్నేహితుడి చేతిలో నాలుగు గినీలు పెట్టి, కోటు తీసి చేతి మీద వేసుకుని, అధికారి ఠీవితో నడిచిపోయాడు. లోపల హాజరు పిలిచినప్పుడు సన్నగా ఉన్న ఒక కుర్రవాడు కిటికీ చువ్వల సందులోంచి దూరి వచ్చి, తన పేరుకూ బార్నీ పేరుకూ కూడా పలికాడట. ఈ వివరాలు బార్నీ కుటుంబంలోని వారు తర్వాత ప్రచురించిన జీవితకథలోవి కాబట్టి, కాస్త మెరుగు పెట్టి చెప్పి ఉండవచ్చని అనుకుంటూనే చదవాలి.

బార్నీ ప్లిమత్‌లో ఒక వృద్ధ పాస్టరు ఇంట్లో తలదాచుకుని, మరి ఇద్దరు అమెరికన్లతో కలిసి చేపల పడవ ఒకటి కొని, బెస్తవాడి పాత బట్టల్లో యుద్ధనౌకల మధ్య నుంచే సముద్రంలోకి సాగాడు. దురదృష్టం కొద్దీ గెర్న్సీ దీవికి చెందిన బ్రిటిష్ ప్రైవేటీర్ ఒకటి అడ్డగించింది. పైబట్టలు విప్పి లోపలి అధికారి దుస్తులు చూపించి, రహస్య రాచకార్యం మీద ఫ్రాన్సుకు వెళ్తున్నానన్నాడు. ఆ కెప్టెన్‌కు నమ్మకం కుదరక పడవను మళ్లీ ప్లిమత్ వైపే తోలుకొచ్చాడు. కెప్టెన్ వాకబుకు వెళ్లిన సమయంలో బార్నీ మరో చిన్న పడవలో ఒడ్డుకు చేరి, తిరిగి ఆ పాస్టరు ఇంటికే వెళ్లాడు. భోజనం దగ్గర కూర్చుని ఉండగా వీధిలో చాటింపువాడు తన పేరే చాటడం విన్నాడు. తర్వాత కొన్నాళ్లకు షోకైన దుస్తుల్లో గుర్రపు బండి కట్టించుకుని, ఎక్సెటర్, బ్రిస్టల్ మీదుగా లండన్, అక్కడి నుంచి ఒస్టెండ్ చేరాడు. నాకు ఈ కథలో బార్నీ ధైర్యం కన్నా ఆ ఇంటి తలుపే ఎక్కువ అబ్బురంగా కనిపిస్తుంది. ఒకసారి తెరవడం ఆవేశం కావచ్చు. ఊరంతా గాలిస్తున్నప్పుడు అదే మనిషికి రెండోసారి తెరవాలంటే బాగా ఆలోచించుకునే తెరవాలి.

ఐర్లండులో పుట్టి ఫిలడెల్ఫియాలో స్థిరపడిన గస్టావస్ కనింగ్‌హామ్ 1777లో డంకిర్క్ నుంచి బయలుదేరి ఇంగ్లండు తపాలా ఓడను పట్టుకున్న మనిషి. అతను తర్వాత చిక్కినప్పుడు సంకెళ్లు వేసి మిల్ జైలుకు చేర్చారు. 1779 నవంబరులో సొరంగం తవ్వుకుని చాలామందితో పాటు బయటపడి, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఫ్రాంక్లిన్‌కు ఉత్తరం రాస్తూ, రాజుగారి భూమిని తవ్వి రాజద్రోహం చేశానని చమత్కరించాడు. రిచర్డ్ డేల్ అనే మరో అమెరికన్ ఖైదీ బ్రిటిష్ యూనిఫాం తొడుక్కుని మిల్ జైలు గేటు గుండానే నడిచిపోయాడు. ఆ యూనిఫాం ఎవరిచ్చారో చచ్చేదాకా నోరు విప్పలేదు. అదే 1779 సెప్టెంబరులో జోన్స్ బాన్‌హోమ్ రిషార్ అనే తన ఓడ మీద నుంచి సెరాపిస్ అనే బ్రిటిష్ యుద్ధనౌకతో పోరాడినప్పుడు డేల్ అతని మొదటి లెఫ్టినెంటు. ఫోర్టన్‌లో ఏడాదికి పైగా ఉండి మార్పిడిలో వచ్చిన నథానియెల్ ఫానింగ్ ఆ ఓడ తెరచాప స్తంభం మీద నుంచి పోరాడాడు. తప్పించుకున్నవాళ్లకూ విడుదలైనవాళ్లకూ పెట్టిన ఖర్చు యుద్ధంలోకి ఎలా తిరిగి వచ్చిందో ఆ ఒక్క ఓడ సిబ్బందిని చూస్తే తెలుస్తుంది.

సముద్రం దాటి ఫ్రాన్సులో దిగినవాడి కష్టం వేరు. భాష రాదు, చేతిలో పైసా లేదు, గుర్తింపు కాగితం లేదు. డంకిర్క్‌లో ఫ్రాన్సిస్ కాఫిన్, మోర్లేలో జాన్ డియో, నాంట్‌లో ఫ్రాంక్లిన్ బంధువు జొనాథన్ విలియమ్స్, బోర్డోలో జాన్ బాండ్‌ఫీల్డ్ లాంటి వర్తకులు ఫ్రాంక్లిన్ తరఫున భోజనం పెట్టించి, బట్టలిచ్చి, ఖర్చు రాసి పంపేవారు. చాలామంది నావికులు నేరుగా పారిస్ శివార్లలోని పాసీకి, ఫ్రాంక్లిన్ ఉంటున్న ఇంటికే నడిచి వచ్చేవారు. ఆ ముసలాయనకు వాళ్లను ప్రశ్నించడం నిత్యకృత్యమైంది. ఏ ఊరివాడివి, ఏ ఓడ, కెప్టెన్ ఎవరు, ఎక్కడ పట్టుబడ్డావు, ఏ జైలు? ఎందుకంటే వచ్చిన ప్రతివాడూ అమెరికన్ కాడు. ఇంగ్లీషు మాట్లాడే ప్రతి బికారీకీ ఆ గుమ్మం సంగతి తెలిసిపోయింది. అమెరికన్‌కూ ఇంగ్లీషువాడికీ రూపంలో, భాషలో, వేషంలో తేడా లేనప్పుడు ఎవడు మనవాడు? రాజ్యాంగం కూడా రాసుకోని దేశానికి ఈ ప్రశ్న ఎదురైంది సభల్లో కాదు, పాసీలోని ఆ ఇంటి వాకిట్లో.

ఆయన కనిపెట్టిన పద్ధతి నాకు చాలా ఇష్టం. డబ్బును దానంగా కాక అప్పుగా ఇచ్చాడు. ఇంత మొత్తం పుచ్చుకున్నాననీ, కాంగ్రెసు అధ్యక్షుడికి తిరిగి చెల్లిస్తాననీ నావికుడి చేత ప్రామిసరీ నోటు రాయించుకునేవాడు. పుట్టుకతో ప్రింటరు కదా, వచ్చేవాళ్లు ఎక్కువయ్యాక పాసీలోని తన సొంత అచ్చుయంత్రం మీద ఆ నోట్లను అచ్చే వేయించాడు. ఒక్కో అప్పుకు మూడు ప్రతులు. ఒక ప్రతి చెల్లితే మిగతావి చెల్లనట్టే. సముద్రంలో ఓడ మునిగినా ఏదో ఒక ప్రతి అమెరికా చేరాలని ఈ ఏర్పాటు. పేరూ మొత్తమూ తేదీ కోసం ఖాళీలు వదిలిన చిన్న కాగితం అది. ఇంగ్లండులో మేజిస్ట్రేటు కాగితం ఆ మనిషిని రాజద్రోహి అంది. ఈ కాగితం అతన్ని అమెరికా దేశానికి బాకీ ఉన్న మనిషి అంది. బాకీ తీర్చగలవాడనే నమ్మకం లేనిదే ఎవరూ అప్పు ఇవ్వరు. సంతకం రానివాడు ఇంటూ గుర్తు పెట్టేవాడు.

డబ్బు చేతులు మారే చోట దొంగ కూడా ఉంటాడు. లండన్‌లో ఉన్న మేరీలాండ్ పెద్దింటి బిడ్డ థామస్ డిగ్గెస్, ఖైదీలకు పంచమని ఫ్రాంక్లిన్ ఇచ్చిన సొమ్ములో నాలుగు వందల పౌండ్లకు పైగా మింగేశాడు. చలికాలంలో వారానికి కొన్ని పెన్నీల చొప్పున జైలులో ఉన్నవాడి చేతికి అందవలసిన డబ్బు అది. సంగతి బయటపడ్డాక 1781 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ లండన్ వర్తకుడు విలియం హాడ్జ్‌సన్‌కు రాసిన ఉత్తరం ఆయన మామూలు చతురతలో రాసింది కాదు. ధనవంతుడి దగ్గర ఒక్క గినీ దొంగిలించినవాడే దుర్మార్గుడైతే, ఖైదులో ఉన్న పేదవాడికి దయతో ఇచ్చిన పద్దెనిమిది పెన్నీలను దొంగిలించి, చలికాలంలో ఎన్ని వారాలున్నాయో అన్నిసార్లు, దాదాపు ఆరు వందల మంది దగ్గర ఆ పని చేసినవాణ్ని ఏమనాలని అడిగాడు. ఇలాంటివాడు నరకానికి పోకపోతే దయ్యాన్ని పోషించడం దండగ అన్నాడు. ఆ తర్వాత లండన్‌లో ఈ బాధ్యత హాడ్జ్‌సన్ తీసుకుని నిజాయితీగా నడిపాడు. ఇంకో సంగతి చెప్పాలి. ఫ్రాంక్లిన్ దగ్గరే అన్ని కాగితాలూ చూస్తూ తిరిగిన ఎడ్వర్డ్ బాన్‌క్రాఫ్ట్ బ్రిటిష్ గూఢచారి. 1777 చివర ఖైదీల స్థితిగతులు చూసి రమ్మని ప్రతినిధులు ఇంగ్లండు పంపిన జాన్ థార్న్‌టన్ కూడా అటే అమ్ముడుపోయాడు. ఇందరు ద్రోహుల మధ్య కూడా నావికులు పాసీ దాకా చేరగలిగారంటే, ఆ దారి కాపాడింది పెద్ద మనుషుల రహస్యాలు కాదు, ఒకరి పేరు ఒకరికి చెప్పని ఇళ్లు.

ఖైదీలను మార్పిడికి సంపాదించాలని ఫ్రాంక్లిన్ ఇంకో ప్రయత్నమూ చేశాడు. డంకిర్క్ నుంచి బ్లాక్ ప్రిన్స్, బ్లాక్ ప్రిన్సెస్, ఫియర్‌నాట్ అనే మూడు ప్రైవేటీర్లకు అమెరికన్ అనుమతి పత్రాలిచ్చాడు. సిబ్బందిలో ఎక్కువమంది ఐరిష్‌వాళ్లు, దొంగ సరుకు రవాణాలో చెయ్యి తిరిగినవాళ్లు. ఓడలను బాగానే పట్టుకున్నారు గాని, బందీలకు తిండి పెట్టి రేవుకు తెచ్చే ఓపిక వాళ్లకు లేదు. మాట తీసుకుని సముద్రం మీదే వదిలేసేవారు. ఆ మాటలను బ్రిటిష్ ప్రభుత్వం లెక్కలోకి తీసుకోలేదు. ఆశ్రయమిచ్చిన ఫ్రాన్సుకు తటస్థ దేశాలతో తగాదాలు తప్ప ఫ్రాంక్లిన్‌కు మిగిలింది పెద్దగా లేదు. ఈ పథకం ఆయన చేసిన తప్పు లెక్కల్లో ఒకటని నా ఉద్దేశం. వాళ్లలో లూక్ ర్యాన్ చివరికి ఇంగ్లండులో పట్టుబడి, బ్రిటిష్ ప్రజ అనే కారణం మీద ఓడదొంగగా ఉరిశిక్ష పడి, చివరికి క్షమాభిక్షతో బయటపడ్డాడు. జోన్స్ సెరాపిస్ పోరాటంలో పట్టుకుని హాలండుకు చేర్చిన దాదాపు ఐదు వందల మంది బందీలదీ అదే కథ. హాలండు తటస్థత వల్ల వాళ్లను ఫ్రెంచి ఖైదీలకు బదులుగా ఇవ్వవలసి వచ్చింది. అమెరికన్ నావికులు మిల్‌లో, ఫోర్టన్‌లో అలాగే ఉండిపోయారు.

1782 మార్చిలో లార్డ్ నార్త్ ప్రభుత్వం కూలింది. ఆ సమయంలోనే పార్లమెంటు, ఎడ్మండ్ బర్క్ చొరవతో, అమెరికన్ ఖైదీలను యుద్ధ ఖైదీలుగా పరిగణించి మార్పిడి చేయడానికి చట్టం చేసింది. ఐదేళ్లు నిరాకరించిన మాటను ఒక్క చట్టంతో ఒప్పుకున్నారు. ఆ వేసవిలో ఓడలు నేరుగా అమెరికాకు నావికులను తీసుకెళ్లాయి. మరుసటి ఏడు కాంగ్రెసు రెవరెండ్ రెన్‌కు కృతజ్ఞతలు తీర్మానించింది. ఫ్రాంక్లిన్ సిఫారసు మీద ప్రిన్స్‌టన్‌లోని కళాశాల ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. డిగ్గెస్ కొంతకాలానికి అమెరికా వెళ్లి, పొటోమాక్ నది ఒడ్డున, జార్జి వాషింగ్టన్ ఇంటికి ఎదుటి తీరంలో తన కుటుంబ భూముల మీద హాయిగా కాలం గడిపాడు. వాషింగ్టన్ అతని గురించి మంచి మాట కూడా రాశాడు. చరిత్ర ఎప్పుడూ లెక్క సరిచూసుకోదు.

పాసీ వాకిట్లో సాగిన పని మాత్రం కాగితం మీదికి ఎక్కింది. 1792 ఏప్రిల్‌లో కాంగ్రెసు, విదేశీ రేవుల్లో దేశం తరఫున ఉండే ప్రతినిధులైన కాన్సుల్‌ల గురించి చట్టం చేసింది. విదేశీ రేవులో ఓడ మునిగో, జబ్బు చేసో, చెర నుంచి బయటపడో నిలువనీడ లేకుండా మిగిలిన అమెరికన్ నావికుణ్ని కాన్సుల్ పోషించాలని ఆ చట్టం చెప్పింది. మనిషికి రోజుకు 12 సెంట్లకు మించకుండా ప్రభుత్వం ఇచ్చేది. స్వదేశానికి వెళ్లే అమెరికన్ ఓడ కెప్టెను, వంద టన్నులకు ఇద్దరి చొప్పున అలాంటివాళ్లను ఎక్కించుకోవలసి వచ్చేది. కాదంటే ముప్ఫై డాలర్ల జరిమానా. ఆ నావికుడు ఆరోగ్యంగా ఉంటే ఓడలో పని చేయాలని కూడా అందులోనే ఉంది. నాలుగేళ్ల తర్వాత, బ్రిటిష్ నౌకాదళం అమెరికన్ నావికులను ఓడల మీద నుంచి బలవంతంగా లాక్కుపోవడం మళ్లీ మొదలయ్యాక, 1796లో ఇంకో చట్టం వచ్చింది. అప్పటి నుంచి నావికుడు ఏ రేవులోనైనా కస్టమ్స్ కలెక్టరు దగ్గరకు వెళ్లి, తాను అమెరికా పౌరుణ్నని రుజువు చూపి, 25 సెంట్లు కట్టి, పేరూ వయసూ ఎత్తూ రాసిన ధ్రువపత్రం తీసుకునే వీలు కలిగింది.